పేదింటి బొమ్మల్లో ఎవరూ పని చేయరెందుకు?

తునికాకు
హనుమకొండలో కొత్తగా తెరిచిన ఒక ఫంక్షన్ హాల్లో గోడంత తైలవర్ణ చిత్రం పెట్టారు. దూరం నుంచి చూస్తే ఫొటో అనుకుంటారు. పూరిల్లు, కట్టెల పొయ్యి, పొయ్యి ముందు తల్లి, ఆమె ఒళ్లో పిల్ల, గడప మీద మోకాళ్లకు గడ్డం ఆనించుకుని కూర్చున్న తండ్రి. తల్లి చెంప మీద మంట వెలుగు పడిన చోటు మాత్రం చాలా బాగా వేశారు, కాదనను. భోజనాలయ్యాక అందరూ దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. దిగనివ్వండి, నాకు దానితో పేచీ లేదు.

మా అవ్వ కోరుట్లలో వయసంతా బీడీలు చుట్టింది. మా ఇంట్లో ఎవరైనా అలా ఊరికే కూర్చుని దిగులుపడటం నేను ఎరగను. ఒళ్లో చాట ఉండేది. కత్తెరతో ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టి దారం కట్టడం, ఇవన్నీ చేతులు వాటంతట అవే చేసుకుపోయేవి. నోరు వేరే పనిలో ఉండేది. నాసిరకమని కార్ఖానాలో పక్కన పడేసిన బీడీల లెక్క, చిట్టీ ఎవరు ఎత్తుకున్నారన్న లెక్క, దుబాయి నుంచి ఫోను చేయని మా మామయ్య మీద తిట్లు. మధ్యమధ్య పడీ పడీ నవ్వడం. నేను హోంవర్క్ చేస్తూనే కట్టలు కట్టేదాన్ని.

వాస్తవిక చిత్రకళ అంటారు కదా. ఆ వాస్తవంలో పేద కుటుంబం ఎప్పుడు చూసినా దిగాలుగా, మాటాపలుకూ లేకుండా ఎందుకు ఉంటుంది? పెద్ద చిత్రకారులు కూడా ఇలాగే గీశారా, లేక మన దగ్గరే ఇలా తయారైందా? తెలిసినవాళ్లు చెప్పండి.

డ్రాయింగ్_మాస్టారు
నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పాఠశాలల పోటీలకు బహుమతులు నిర్ణయించడానికి పిలిచేవారు. పేదరికం అని అంశం ఇస్తే చాలు, పదిమందిలో తొమ్మిదిమంది గీసేది ఒకే బొమ్మ. పూరిల్లు, పగిలిన కుండ, చెయ్యి చాచిన పిల్లవాడు, పక్కన కొబ్బరిచెట్టు. జనగామలో ఎక్కడ చూశావురా అంత కొబ్బరిచెట్టు అని ఒకణ్ని అడిగితే క్యాలెండర్‌లో అన్నాడు.

కాజీపేట_ప్యాసింజర్
తాటిచెట్టు గీస్తే చూసేవాళ్లకు కల్లు గుర్తొచ్చి జాలి తగ్గిపోతుందని భయపడి ఉంటాడు మాస్టారూ.

రంగులడబ్బా
ఆ హాల్లో బొమ్మ నేను వేసింది కాదు, ముందే చెబుతున్నాను. కానీ అలాంటివి వేసి బతుకుతున్నవాణ్నే.

తునికాకు గారూ, నోరు తెరిచి మాట్లాడుతున్న మనిషిని గీస్తే బొమ్మలో వెర్రిగా కనిపిస్తుంది. మాట సాగిపోతుంది, బొమ్మ అక్కడే ఆగిపోతుంది. నవ్వుకు కూడా అదే కష్టం, రెండో రోజు చూసేసరికి పళ్లు ఇకిలించినట్టుంటుంది. ఇక పని చేస్తున్న చేతులు అన్నిటికంటే కష్టం. ముఖం కొద్దిగా అటూ ఇటూ అయినా చెల్లుతుంది, వేలు తప్పుగా వంగితే ఎవరైనా పట్టేస్తారు. కాబట్టి తొందరగా డబ్బు రావాలనుకునేవాడు చేతుల్ని కొంగు కిందో మోకాళ్ల మధ్యో దాచేస్తాడు. మీరు చెప్పిన తండ్రి మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని కూర్చుని ఉంటాడు చూడండి, పందెం.

పెద్దవాళ్లు ఎలా గీశారని అడిగారు కదా. వాన్ గో 1885లో హాలండ్‌లోని న్యూనెన్ పల్లెలో వేసిన 'బంగాళాదుంపలు తినేవాళ్లు' చూడండి. దానికి ముందు ఆ శీతాకాలమంతా రైతుల తలలు, చేతులు వేరువేరుగా గీసుకుంటూ కూర్చున్నాడు. ఏ చేతులతో నేల తవ్వారో అవే చేతులు పళ్లెంలో పెడుతున్నారని చూపించాలి అని తమ్ముడు థియోకు రాశాడు. మట్టి వదలని, తొక్క తీయని బంగాళాదుంప రంగు ఆ ముఖాలకు కావాలన్నాడు. వాన్ రప్పార్డ్ అనే స్నేహితుడికి అది బొత్తిగా నచ్చలేదు, ఆ ఉత్తరాల గొడవతో స్నేహమే చెడింది.

తునికాకు
పందెం మీరే గెలిచారు. చేతులు మోకాళ్ల చుట్టూనే ఉన్నాయి.

వాన్ గో బొమ్మ ఫోన్లో పెద్దది చేసి చూశాను. ఒకే పళ్లెంలో అందరూ తింటున్నారు, కుడి చివర ముసలావిడ కాఫీ పోస్తోంది. మనవైపు వీపు పెట్టి కూర్చున్న పిల్ల ముఖమే కనబడదు. నాకు నచ్చింది. కానీ అక్కడా ఎవరూ మాట్లాడుకోవడం లేదు కదా! ఒకావిడ పక్కవాడి వైపు చూస్తోంది, అతను ఎటో చూస్తున్నాడు.

ఓరుగల్లు_కోడలు
తునికాకు, ఒక మాట. అందరి ఇళ్లూ బీడీల ఇళ్లు కావు. మీది కూర్చుని చేసే పని, నోటికి తీరిక ఉంటుంది. మా అత్తగారిది ధర్మసాగర్ వైపు. నాట్ల రోజుల్లో పొద్దంతా బురదలో నడుం వంచి వచ్చినవాళ్లు రాత్రి కంచం ముందు ఒక్క మాట మాట్లాడరు. ఉప్పు కావాలన్నా వేలితో చూపిస్తారు. అది దిగులు కాదు, అలసట. ఆ మౌనం అబద్ధమని మీరు తీర్పు ఇచ్చేస్తే ఎలా?

తునికాకు
అలసటను అలసటగా గీస్తే నాకేం అభ్యంతరం లేదక్కా. ఆ హాల్లో తల్లి అలిసిపోలేదు. ముచ్చటగా దిగులుపడుతోంది.

కాజీపేట_ప్యాసింజర్
'ముచ్చటగా దిగులు' అని చీరలకు పేరు పెట్టవచ్చు. దసరాకు బాగా అమ్ముడుపోతాయి.

ఎనుమాముల_మిర్చి
కొనేవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ లేనట్టున్నారు, నేను మాట్లాడతాను. మార్కెట్ యార్డులో నాది కమీషన్ వ్యాపారం. మా బాపు ఇతరుల చేలో జీతం ఉన్నాడు. నా ఇంట్లో కూడా పూరింటి బొమ్మ ఉంది, డబ్బులిచ్చి వేయించుకున్నాను. పొయ్యి ముందు మా అవ్వలాంటి మనిషి. రంగులు బాగుండాలి, ముఖం కళగా ఉండాలి అని నేనే చెప్పాను. మా ఇంటికి వడ్డీ వసూలుకు వచ్చి కూర్చునేవాడు ఉండేవాడు, వాడు వాకిట్లో ఉమ్మిన గుర్తులు కూడా నాకు గుర్తే. వాడిని కూడా గోడ మీద పెట్టుకోవాలా వాస్తవం కోసం? చూసింది చాలు. అన్నం తినేటప్పుడు ఎదురుగా ఏముండాలో నా ఇష్టం.

రంగులడబ్బా
మిర్చి అన్నా, నాకు పని ఇచ్చేవాళ్లలో సగంమంది మీలాంటివాళ్లే. పేదరికం ఎరగనివాళ్లు పూలకుండీలు, గుర్రాలు అడుగుతారు. గుడిసె అడిగేవాళ్లు గుడిసెలో పుట్టినవాళ్లే.

బమ్మెర_బాట
ఇది ఎక్కడికో పోతోంది కానీ, మిర్చి గారన్న ఆ వడ్డీవాడి దగ్గరే అసలు సంగతి ఉంది. మిల్లే అనే ఫ్రెంచి చిత్రకారుడు 1857లో వేసిన 'పరిగె ఏరే స్త్రీలు' బొమ్మ చాలామంది చూసే ఉంటారు. ముగ్గురు ఆడవాళ్లు కోత అయిపోయిన చేలో రాలిన కంకులు ఏరుతుంటారు. మా ఊళ్లోనూ వరి కోసాక పరిగె ఏరుకునేవాళ్లు, ఆ వంగడం అలాగే ఉంటుంది, ఒక చెయ్యి నడుము వెనక పెట్టుకుని. అందరూ ఆ ముగ్గురినే చూస్తారు. వెనక చూడండి. కుప్పలు కుప్పలుగా పంట, నిండిన బండి, కుడివైపు దూరంగా గుర్రం మీద అజమాయిషీ చేసేవాడు. చాలా చిన్నగా ఉంటాడు కానీ ఉంటాడు. పంట ఎవరిది, ఏరుకునే గింజ ఎవరిది అన్నది ఆ దూరంలోనే తెలిసిపోతుంది. పారిస్ ప్రదర్శనలో పెద్దమనుషులకు కోపం వచ్చింది అందుకే. ఫ్రాన్స్‌లో రాజును దింపేసిన 1848 తిరుగుబాటు జరిగి పదేళ్లు కూడా కాలేదు మరి.

మన ఫంక్షన్ హాలు బొమ్మల్లో గుర్రం మీద మనిషి ఉండడు. పేదరికం వాన కురిసినట్టు దానంతట అది వచ్చిపడుతుంది, ఎవరి పూచీ ఉండదు.

డ్రాయింగ్_మాస్టారు
బమ్మెర గారు బాగా పట్టుకున్నారు. అదే మిల్లే వేసిన 'ఏంజెలస్' అనే బొమ్మ ఉంది. పొద్దుగూకే వేళ చేలో భార్యాభర్తలు తల వంచి ప్రార్థన చేస్తుంటారు. అది జనానికి తెగ నచ్చింది, క్యాలెండర్లకెక్కింది. 1889 వేలంలో 5 లక్షల 53 వేల ఫ్రాంకులు పలికింది. మిల్లే పోయి అప్పటికి 14 ఏళ్లు. బొమ్మ చేతులు మారినప్పుడల్లా చిత్రకారుడి కుటుంబానికి కొంత వాటా రావాలన్న చట్టం ఫ్రాన్స్‌లో 1920లో వచ్చింది. దాని కోసం వాదించినవాళ్లు చెప్పిన ఉదాహరణల్లో ఈ బొమ్మ ఒకటి. తల వంచినవాళ్ల బొమ్మకు ఎప్పుడూ ధర ఎక్కువే.

కాజీపేట_ప్యాసింజర్
రైలు సంగతి రాలేదని నాకు బాధగా ఉంది. దోమియే అనే ఆయన 'మూడో తరగతి పెట్టె' అని వేశాడు. ముందు బల్ల మీద బుట్ట పట్టుకున్న ముసలమ్మ, పక్కన పిల్లకు పాలిస్తున్న తల్లి, నిద్రపోతున్న పిల్లవాడు. ఆ ఇంటి మగవాడు కనబడడు. సగంలో వదిలేసిన బొమ్మ, కొలతల కోసం కొట్టిన గళ్ల గీతలు ఇంకా కనిపిస్తాయి. కాజీపేట జంక్షన్లో జనరల్ బోగీ ఎక్కి చూడండి, అదే కుటుంబం ఇప్పటికీ ప్రయాణం చేస్తూనే ఉంది. సీటు మాత్రం దొరకలేదు.

బొగ్గుబాయి
మాది గోదావరిఖని. కూర్బే అనే ఫ్రెంచి చిత్రకారుడు 1849లో వేసిన 'రాళ్లు కొట్టేవాళ్లు' గురించి ఎవరూ చెప్పలేదు. ఒక ముసలాయన, ఒక కుర్రవాడు. ఇద్దరి ముఖాలూ సరిగా కనబడవు. ఒకరు టోపీ నీడలో, ఇంకొకరు అటు తిరిగి. చిరిగిన చొక్కా, తెగిన పట్టీ, చిల్లులు పడిన మేజోళ్లు మాత్రం స్పష్టంగా ఉంటాయి. దారిలో కనిపిస్తే స్టూడియోకు రమ్మని పిలిచి గీశాడట. ఇప్పుడా బొమ్మ లేదు, 1945లో రెండో ప్రపంచ యుద్ధంలో నాశనమైంది. మిగిలింది ఫొటోలే.

మా కాలనీ గోడల మీద బొగ్గు కార్మికుడి బొమ్మలు ఉంటాయి. హెల్మెట్, లైటు, చిరునవ్వు. కూర్బే ముఖం దాచి మనిషిని చూపించాడు. ఇక్కడ నవ్వు ముఖం పెట్టి మనిషిని దాచారు. మొదటి షిఫ్టు దిగి వచ్చినవాడు అలా నవ్వడు.

ఓరుగల్లు_కోడలు
బొగ్గుబాయి గారూ, కూర్బే బొమ్మలో కుటుంబం ఎక్కడ ఉంది? ప్రశ్న కుటుంబం గురించి కదా.

బొగ్గుబాయి
ముసలాయన దగ్గర ఉన్న పనే కుర్రవాడికీ వచ్చింది. వాళ్లు తండ్రీ కొడుకులు కాకపోవచ్చు, కానీ వారసత్వం మాత్రం అదే. మా దగ్గర బావిలో దిగే ఉద్యోగం కొడుక్కి ఇమ్మని ధర్నాలు చేశాం. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది, సంతోషించాలో ఏడవాలో తెలియదు.

కొత్తవాడ_కండె
ఇంతసేపు చదివి ఊరుకున్నాను. మాది కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు.

మీరంతా రంగుల బొమ్మలు చెబుతున్నారు, నేను నలుపు తెలుపు అచ్చుబొమ్మ ఒకటి చెబుతాను. జర్మనీలో కేతె కోల్‌విట్స్ అనే ఆవిడ 1893, 1897 మధ్య నేతగాళ్ల తిరుగుబాటు మీద ఆరు బొమ్మలు చేసింది. 1844లో సైలీసియా అనే ప్రాంతంలో నేతగాళ్లు కూలి సరిపోక తిరగబడ్డారు, దాని మీద వచ్చిన నాటకం చూసి మొదలుపెట్టింది. మొదటి బొమ్మ పేరు 'లేమి'. ఇరుకు గది. మంచం మీద చావుబతుకుల్లో పిల్ల, తల రెండు చేతుల్లో పట్టుకున్న తల్లి. వెనక మూల ఇంకో పిల్లను పట్టుకుని తండ్రి. గదిలో మిగిలిన చోటంతా మగ్గం. మగ్గం ఇంట్లో లేదు, మగ్గం మధ్య ఖాళీలో వాళ్లు ఉంటున్నారు. నేను పుట్టింది గుంటమగ్గం ఉన్న అలాంటి గదిలోనే కాబట్టి ఆ బొమ్మ చూడగానే నాకు కొలతలు కూడా తెలిసిపోయాయి. మంచం ఎక్కడ వేస్తే మగ్గం పలకకు తగలదో మా అవ్వకు తెలిసినంతగా ఆవిడకు తెలుసు.

ఆవిడ భర్త డాక్టరు, బెర్లిన్ పేదల పేటలో వైద్యం చేసేవాడు. అక్కడికి వచ్చే ఆడవాళ్లతో మాట్లాడి మాట్లాడి గీసింది. 1898లో ఆ బొమ్మలకు పతకం ఇవ్వాలని ఎంపిక సంఘం చెబితే చక్రవర్తి వద్దన్నాడు. తర్వాతి బొమ్మల్లో ఆ నేతగాళ్లే కూడి మాట్లాడుకుంటారు, ఊరేగింపుగా పోతారు, యజమాని గేటు మీద పడతారు. తునికాకు అక్కా, మీరడిగిన మాట్లాడే పేదవాళ్లు అక్కడ ఉన్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో అర్థమైంది కాబట్టే చక్రవర్తికి నచ్చలేదు.

తునికాకు
కండె తమ్ముడూ, మూడో బొమ్మ చూశాను. బల్ల చుట్టూ నలుగురు, తలలు దగ్గరగా పెట్టుకుని. చిట్టీ పాట పాడేటప్పుడు మా ఇంట్లో ఇలాగే ఉండేది, కుట్ర మాత్రం తక్కువ.

ఎనుమాముల_మిర్చి
చచ్చిపోతున్న పిల్ల బొమ్మ ఎవరు కొంటారు?

కొత్తవాడ_కండె
అచ్చుబొమ్మ చవక అన్నా. ఒకరు కొని గోడకు పెట్టుకోవడం కోసం కాదు, వందమంది చూడటం కోసం. మన దేశంలోనూ 1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ ఊళ్లు తిరిగి గీసిన బొమ్మల పుస్తకాన్ని ఆంగ్లేయ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. జైనుల్ ఆబెదీన్ అదే కరువులో చవకరకం కాగితం మీద నల్ల సిరాతో గీశాడు. కలకత్తా వీధుల్లో పడి ఉన్న తల్లీపిల్లలు. అక్కడ కట్టెల పొయ్యి వెలుగు చెంప మీద పడదు. వండటానికి ఏముంది కనుక?

బమ్మెర_బాట
అమృతా షేర్‌గిల్‌ను కూడా చెప్పుకోవాలి. సిమ్లాలో కలిగిన కుటుంబంలో ఉంటూ 1935లో కొండప్రాంతపు స్త్రీలను గీసింది. పేద భారతీయుల జీవితాన్ని బొమ్మల్లో చెప్పడమే తన పని అనుకుంది. రంగులు అద్భుతం. కానీ వాళ్లలో సహనం, లొంగుబాటు చూశానని తనే రాసుకుంది. ఆవిడకు అవి కనబడ్డాయి, అవే గీసింది. తునికాకు గారి ఇంటికి వచ్చి ఉంటే ఏం గీసేదో!

తునికాకు
మా అవ్వ ముందు ఆమె చేత ఒక కట్ట కట్టించేది.

కాజీపేట_ప్యాసింజర్
కాపు రాజయ్య గారు, తోట వైకుంఠం గారు మనవాళ్లే కదా. వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? సిద్దిపేట, వేములవాడ వైపు వాళ్లకు కోపం వస్తుంది.

డ్రాయింగ్_మాస్టారు
వైకుంఠం గారిది వాస్తవిక శైలి కాదు నాయనా. ఆయన ఆడవాళ్లు నిండు రంగుల చీరల్లో, పెద్ద బొట్టుతో దర్జాగా ఉంటారు. పేదవాళ్లని నువ్వు జాలిపడటానికి వీల్లేకుండా గీశారు. రాజయ్య గారిలో బోనాలు, పల్లె పనులు ఎక్కువ. నాకిద్దరూ ఇష్టమే, ఈ చర్చకు మాత్రం పక్కదారి.

కొత్తవాడ_కండె
పక్కదారి అంటే నాకు చేర్యాల గుర్తొచ్చింది. నకాషీవాళ్లు గీసిన పటం ముందు పెట్టుకుని కూనపులివాళ్లు మా పద్మశాలీలకు భావనారుషి కథ చెప్పేవాళ్లు. డబ్బులిచ్చేది నేతగాళ్లు, పటంలో ఉండేదీ నేతగాళ్ల కథే. ఎర్రటి నేల రంగు మీద మగ్గం, రుషి, పులి, యుద్ధం. ఆకలి మామూలుగా ఇంట్లో ఉండేదే, దాన్ని పటంలో వేయించుకోవడానికి మావాళ్లు డబ్బు ఇవ్వలేదు. మిర్చి అన్న చేసింది కూడా అదే కదా, ఆలోచిస్తే.

ఎనుమాముల_మిర్చి
ఇప్పటికి నా పక్షాన ఒక్కడు దొరికాడు.

కొత్తవాడ_కండె
పూర్తిగా కాదు అన్నా. పటంలో మావాళ్లు నేస్తున్నారు. మీ బొమ్మలో అవ్వ కూర్చుంది.

డ్రాయింగ్_మాస్టారు
గీయించుకున్నవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. రష్యాలో పెరోవ్ అని చిత్రకారుడు 1866లో 'త్రోయికా' అనే బొమ్మ వేశాడు, అంటే మూడు గుర్రాలు లాగే బండి. గడ్డకట్టే చలిలో ముగ్గురు పిల్లలు మంచు పట్టిన నీళ్ల పీపాను బండి మీద లాగుతుంటారు. మధ్యలో పిల్లవాడి కోసం దారిన పోతున్న ఒక పల్లెటూరి తల్లిని బతిమాలి ఆమె కొడుకును కూర్చోబెట్టుకున్నాడు. కొన్నేళ్ల తర్వాత ఆమె అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. పిల్లవాడు మశూచితో పోయాడు. కూడబెట్టిన డబ్బు మూటగట్టి తెచ్చి ఆ బొమ్మ అమ్మమని అడిగింది. అప్పటికే అది త్రెత్యాకోవ్ అనే ఆయన కొని పెట్టుకున్న బొమ్మల్లో ఉంది. అక్కడికి తీసుకెళ్లి చూపిస్తే బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. పెరోవ్ ఆ పిల్లవాడి ముఖం వేరుగా గీసి ఆమెకు పంపాడు, ఈ సంగతంతా తర్వాత తనే రాశాడు.

మనందరికీ అది బాలకార్మికుల బొమ్మ. ఆ తల్లికి కొడుకు ఫొటో.

ఓరుగల్లు_కోడలు
మాస్టారూ, పొద్దున్నే ఇలాంటివి పెడితే ఎలా? టిఫిను కూడా చేయలేదు.

బొగ్గుబాయి
వాన్ గో కూడా కూర్చున్నవాళ్లకు డబ్బులిచ్చేవాడు, తమ్ముడు పంపే డబ్బులోంచే. తర్వాత ఆ ఊరి పాదిరీ, అతని ముందు కూర్చోవద్దని తన భక్తులకు చెప్పాడు, అది వేరే గొడవ. ఇప్పటివాళ్లు? బస్సు దిగి, ఎవరి ఇంటి ముందో నిలబడి ఫోన్లో ఫొటో తీసుకుని, ఊళ్లో కూర్చుని రంగులు వేస్తారు. ఇంటివాళ్లకు కనీసం బొమ్మ కూడా చూపించరు. చేతులు ఎలా కదులుతాయో ఫొటోలో ఎక్కడ తెలుస్తుంది?

రంగులడబ్బా
నన్నే అన్నట్టుంది. ఫొటో చూసి వేయడం నిజమే, చాలామందిమి అలాగే వేస్తాం. రోజుల తరబడి ఒకరి ఇంట్లో కూర్చుంటే నా కూలి ఎవరిస్తారు? మిర్చి అన్న లాంటివాళ్లు దసరాకల్లా కావాలంటారు. వాన్ గోకు తమ్ముడు ఉన్నాడు, నాకు ఉన్న తమ్ముడు నా దగ్గరే బాకీ ఉన్నాడు.

ఎనుమాముల_మిర్చి
గడువు సంగతి వదిలెయ్. ఈసారి పొయ్యి వద్దు, మా అవ్వ కల్లంలో మిరపకాయలు ఏరుతున్నట్టు వేస్తావా? తాలుకాయ ఒకవైపు, మంచికాయ ఒకవైపు. ఘాటుకు కళ్లలోంచి నీళ్లు కారుతుంటాయి, అవి మాత్రం ఏడుపులా కనబడకూడదు. ముఖం కళ తగ్గితే ఒప్పుకోను.

రంగులడబ్బా
ఏడుపు కాని కన్నీళ్లు! వేయవచ్చు, కానీ ఏరే చేతులు దగ్గర నుంచి చూడాలి. యార్డుకు ఎప్పుడు రమ్మంటారు? కండె తమ్ముడూ, మీ మగ్గం గది కూడా ఒకసారి చూడనిస్తారా? ఫొటో తీయను, పుస్తకం తెచ్చుకుని కూర్చుంటాను.

కొత్తవాడ_కండె
రండి. మగ్గం మీద మా బాపు ఉంటాడు, కండెలు చుట్టేది మా మేనత్త. కూర్చున్నందుకు కూలి ఎంతన్నది ఆవిడతోనే మాట్లాడుకోండి. సేటుతో జంపఖానా ధర తెంచేది ఆవిడే, రూపాయి కూడా వదలదు.